అరిసెలు నూనెలో విడిపోతున్నాయి, మిగిలిన చలిమిడి ఏం చెయ్యాలి?

కారప్పూస:
నేనూ నా ఫ్రెండూ నిన్న మొదటిసారి అరిసెలు చేశామండి. అది ఈమధ్యే వంటల పుస్తకం కొనుక్కుంది, బొమ్మలు చూస్తేనే నోరూరుతుంది, సరే ఆదివారమే కదా అని మా ఇంట్లోనే మొదలెట్టాం. బియ్యప్పిండి రెండు కప్పులు, బెల్లం కప్పున్నర, ఉండపాకం వచ్చాక పిండి కలపాలి, అంతే రాశారు. ఇంట్లో ప్యాకెట్ పిండి ఉంటే అదే వేసేశాం. పాకం వచ్చేసిందని అది, రాలేదని నేను, ఆ గొడవలో మాడిపోతుందేమోనని స్టవ్ కట్టేశాం. మొదటి అరిసె వెయ్యగానే ముక్కలైపోయి మూకుడంతా బెల్లం బురద. రెండోదీ అంతే. ఇంకా గిన్నెడు చలిమిడి ఉంది, పారెయ్యబుద్ధి కావట్లేదు.

గోదారిగట్టు:
ప్యాకెట్ పిండి దగ్గరే పోయిందండి, అరిసెలకి తడిపిండే కావాలి. బియ్యం కనీసం రాత్రంతా నానాలి, మా అమ్మైతే రోజంతా నానేసి మధ్యలో నీళ్లు మారుస్తుంది. వడకట్టి గుడ్డ మీద పోసి, ఆరీ ఆరనట్టు ఉన్నప్పుడే మర పట్టించాలి, పిండి గుప్పెట్లో నొక్కితే ముద్ద కట్టాలి. జల్లించాక ఆరిపోకుండా అదిమి మూత పెట్టండి. మేం కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం వేస్తాం. పాకం చుక్క నీళ్లలో వేసి వేళ్లతో దగ్గరికి తీస్తే మెత్తగా ఉండవ్వాలి. జారిపోతే లేతపాకం, మీకు విడిపోయింది అందుకే కూడా. ఉండ కంచానికేసి కొడితే ఠంగుమందా, ముదిరిపోయినట్టే, ఇక పల్లీచెక్కలు చేసుకోవడమే.

సకినాలపిచ్చి:
గోధుమపిండి రెండు చెంచాలు కలిపి ఒక్కటి ఏసి చూడుండ్రి, ఆగకుంటే ఇంకింత కలపుండ్రి, మొత్తం ఒక్కసారి కుమ్మరియ్యకుండ్రి. మంట సన్నగ పెట్టాలె. తీసినంక రెండు గంటెల నడుమ ఒత్తి నూనె పిండాలె, లేకుంటే చెయ్యంత నూనే.

పాతమూకుడు:
ఈసారి కొత్తబియ్యం దొరికితే తీసుకోండి, పాతబియ్యం కన్నా అరిసె మెత్తగా వస్తుంది.

కారప్పూస:
నాలుగు చెంచాల గోధుమపిండి పట్టింది, విడిపోవడం ఆగింది కానీ కాస్త గట్టిగా వచ్చాయి, అయినా అది టీలో ముంచుకుని నాలుగు తినేసింది. ఇప్పుడే బియ్యం నానబోశాం. పుస్తకంలో బియ్యప్పిండి అన్నచోట పెన్సిల్‌తో "తడిది" అని రాసింది, పాకం దగ్గర మాత్రం "దాని మాట వినకు" అని నేను రాశా.