ఇంట్లో చిన్నపిల్లలు, సిస్టమ్‌లో పెళ్లి ఫొటోలు: మీరు ఏ పని ఎప్పుడు చేస్తున్నారు?

ప్రశ్న:

నమస్తే అండీ. నేను పెళ్లిళ్లు, పుట్టినరోజులు తీస్తుంటాను. బాబుకి నాలుగేళ్లు, పాపకి ఏడాది దాటింది. షూట్ ఉన్న రోజు ఇబ్బంది లేదు, పిల్లల్ని మా ఆయన చూసుకుంటారు. కష్టమంతా ఆ తర్వాతే. ఒక పెళ్లికి వెళ్లొస్తే 3000 ఫ్రేములకు తక్కువ ఉండవు. సెలెక్షన్‌కి కూర్చుంటానో లేదో, పాప లేస్తుంది. ఒళ్లో కూర్చోబెట్టుకుంటే మౌస్ లాక్కుంటుంది. మళ్లీ పడుకోబెట్టి వచ్చేసరికి ఎక్కడిదాకా చూశానో, ఒకేలా ఉన్న ఆరు ఫ్రేముల్లో ఏది బాగుందనుకున్నానో గుర్తుండదు. మళ్లీ మొదటికొస్తాను.

పిల్లలు పడుకున్నాక చేద్దామంటే కళ్లు మూసుకుపోతుంటాయి. రాత్రి సరిచేసిన స్కిన్ టోన్ పొద్దున చూస్తే నీలం కొడుతూ ఉంటుంది. ఇంకోపక్క 'ఫొటోలు ఎప్పుడిస్తారు' అని మెసేజ్‌లు. నేను ఫోన్ చూస్తుంటే బాబు రెండు చేతులతో నా గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుంటాడు. ఆ క్షణంలో నాకు చాలా బాధేస్తుంది.

ఈ పని మానేయడం నాకు ఇష్టం లేదు. అదే సమయంలో పిల్లలకి నేను సగం సగం దొరకడం కూడా ఇష్టం లేదు. చిన్నపిల్లలతో ఈ వృత్తిలో ఉన్నవాళ్లు ఏ పని ఎప్పుడు, ఎలా చేస్తున్నారో వివరంగా చెప్పండి.

జవాబు:

నాకు ముగ్గురమ్మా, ఆఖరివాడు ఇంకా బడికి పోవట్లేదు. టైమ్ దొరికినప్పుడు దొరికిన పని చేయడం అనే పద్ధతి పిల్లలున్న ఇంట్లో నడవదు. మధ్యలో లేవాల్సి వస్తే ఏ పని తట్టుకుంటుంది, ఏది తట్టుకోదు అని ముందు విడదీసుకోండి. నా పనంతా దాని మీదే నిలబడింది.

అసలు మనిషే అక్కర్లేని పనులు కొన్ని ఉన్నాయి: కార్డులు కాపీ చేయడం, ఇంపోర్ట్ (ఫొటోల్ని సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చుకోవడం), ప్రివ్యూలు (త్వరగా తెరుచుకునే చూపు కాపీలు) కట్టడం, ఎక్స్‌పోర్ట్ (తయారైన ఫొటోల్ని బయటికి తీయడం). బ్యాగ్ కింద పెట్టగానే కార్డు రీడర్‌లో పెట్టేస్తాను. ఫైళ్ల పేర్లు, కాపీరైట్, రెండో డ్రైవ్‌లోకి ఇంకో కాపీ, ఇవన్నీ నేను వాడే ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్ క్లాసిక్‌లో ఇంపోర్ట్ ప్రీసెట్‌గా (ముందే దాచుకున్న సెట్టింగ్‌లుగా) ఒకసారి పెట్టి ఉంచాను. అది నడుస్తున్నంతసేపూ నేను పిల్లల దగ్గరే ఉంటాను. ప్రివ్యూలు ముందే కట్టి ఉంటే సెలెక్షన్‌లో ఒక్కో ఫొటో తెరుచుకోవడానికి ఎదురుచూడక్కర్లేదు. మనకి దొరికేదే కాసేపు, అది లోడింగ్‌కి పోకూడదు.

ఇక సెలెక్షన్. దీనికి మనసు ఒకచోట ఉండాలి. నేను తెల్లవారుజామున, ఇల్లు లేవకముందు చేస్తాను. అయినా మధ్యలో లేవక తప్పదు కాబట్టి ఒక నియమం పెట్టుకున్నాను: ఏ ఫ్రేమూ గుర్తు లేకుండా దాటకూడదు. కీబోర్డ్ మీద ఉంచేదైతే పీ, తీసేసేదైతే ఎక్స్ నొక్కుతాను. ఈ గుర్తునే ఫ్లాగ్ అంటారు. క్యాప్స్ లాక్ వేసి ఉంచితే గుర్తు పెట్టగానే తర్వాతి ఫొటో దానంతటదే వస్తుంది, రెండో చేతిలో పాప ఉన్నా నడుస్తుంది. తిరిగొచ్చాక ఫ్లాగ్ లేని ఫొటోలు మాత్రమే చూపించమని ఫిల్టర్ పెట్టండి. మీరు ఆపింది ఎక్కడో అదే చూపిస్తుంది, మీరు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. ఒకేలా ఉన్న ఆ ఆరింటినీ మొదటి విడతలో పోల్చవద్దు, బాగున్నవన్నీ ఉంచేయండి. రెండో విడతలో వాటిని కలిపి సెలెక్ట్ చేసి ఎన్ నొక్కితే స్క్రీన్ మీద పక్కపక్కనే కనిపిస్తాయి. అప్పుడు తేల్చడం సులువు. సెలెక్షన్ మధ్యలో కలర్ ముట్టుకోకండి, గంటలు తినేసేది అదే.

కళ్లు మూసిన ఫొటోల్ని సాఫ్ట్‌వేరే ఏరి పక్కన పెడుతోంది ఇప్పుడు. సాయంగా వాడుకోండి, నిర్ణయం మాత్రం దానికి వదలొద్దు. కూతుర్ని సాగనంపుతూ తండ్రి కళ్లు గట్టిగా మూసుకున్న ఫ్రేమే ఆ ఆల్బమ్‌కి ప్రాణం కావచ్చు.

కలర్ పని అంతరాయాన్ని తట్టుకుంటుంది. ఒకే వెలుతురులో తీసినవి ఒక గుంపుగా పెట్టి, అందులో ఒక్కటి శ్రద్ధగా చేసి, అవే మార్పుల్ని మిగతావాటికి సింక్ చేస్తాను (ఒకేసారి వర్తింపజేస్తాను). గుంపుకీ గుంపుకీ మధ్య లేచినా నష్టం లేదు. మీ స్కిన్ టోన్ నీలం కొట్టడానికి రాత్రిపూట స్క్రీన్ నైట్ మోడ్‌లోకి వెళ్లడం కారణం కావచ్చు, చూసుకోండి. తెర పసుపు తిరిగితే మన చేయి తెలియకుండానే నీలం వైపు లాగుతుంది. అది ఆపేయండి, తుది కలర్ పగలే చూడండి.

ఇంకొకటి. ఫొటోలున్న డ్రైవ్ కేబుల్ పాపకి అందకూడదు. కాపీ అవుతుండగా లాగితే ఫైళ్లు పాడవుతాయి. నేను స్మార్ట్ ప్రివ్యూలు (అసలు ఫైళ్లు దగ్గర లేకున్నా ఎడిట్ చేసుకోగల చిన్న కాపీలు) కట్టుకుని డ్రైవ్ పైన అలమరాలోనే ఉంచి, ల్యాప్‌టాప్ ఒక్కటే కిందికి తెచ్చుకుంటాను. పొడుగు వైపు 2560 పిక్సెళ్లే ఉంటాయి కానీ ఎడిటింగ్‌కి సరిపోతాయి. డ్రైవ్ మళ్లీ తగిలించగానే మార్పులు అసలు ఫైళ్లకి వర్తిస్తాయి.

జవాబు:

అక్కా, మెసేజ్‌ల సంగతి నేను చెప్తాను. వాట్సాప్ బిజినెస్‌లో 'అవే మెసేజ్' (Away message) అని, మనం అందుబాటులో లేనప్పుడు దానంతటదే వెళ్లే జవాబు ఉంటుంది, ఏ వేళల్లో వెళ్లాలో కూడా పెట్టుకోవచ్చు. సాయంత్రం నుంచి పొద్దుటిదాకా పెట్టేయండి, రేపు ఫలానా వేళకి జవాబిస్తానని అందులో రాయండి. డెలివరీ తేదీ అగ్రిమెంట్‌లోనే ఉండాలి. పిల్లలకి జ్వరం వస్తే పోయే రోజులు కూడా కలుపుకుని ఆ తేదీ వేయండి. పెళ్లయిన మర్నాడో ఆ మర్నాడో ఓ పది మంచి ఫొటోలు పంపితే వాళ్ల ఆత్రం చాలావరకు తీరిపోతుంది.

జవాబు:

మా ఇంట్లో ఫొటోగ్రాఫర్ మా ఆవిడండీ, నేను వేరే ఉద్యోగం. 'షూట్ ఉన్న రోజు మా ఆయన చూసుకుంటారు' అని రాశారు. ఎడిటింగ్ రోజు ఎవరు చూసుకుంటున్నారు? మీరే కదా. ఇంట్లో కనిపిస్తున్నారంటే ఖాళీగా ఉన్నట్టు కాదు. మేము పెళ్లి బుక్ అయినప్పుడే క్యాలెండర్‌లో దాని వెనకాలే ఎడిటింగ్ రోజులూ రాసుకుంటాం. ఆ పూటలు పిల్లలు నావాళ్లు. గది తలుపు వేసి ఉంటే అమ్మ ఆఫీసులో ఉన్నట్టే. ఆ పూటలు పెట్టడానికి వీల్లేని నెలలో మా ఆవిడ ఇంకో బుకింగ్ ఒప్పుకోదు. మీ ఆయన్ని కూర్చోబెట్టి ఈ మాట చెప్పండి, ఇందులో మొహమాటం అక్కర్లేదు. సెలెక్షన్ చిట్కాల కన్నా ముందు తేలాల్సింది ఇదని నా అభిప్రాయం.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ చాలా థ్యాంక్స్. నైట్ మోడ్ ఆన్‌లోనే ఉంది, తీసేశాను. ఫ్లాగ్ లేనివి ఫిల్టర్ చేయడం నాకు తట్టనే లేదు, పాప రెండుసార్లు లేచినా ఈ పూట మొదటికి రాలేదు. ఎడిటింగ్ రోజుల గురించి మా ఆయనకి మీ జవాబే చదివి వినిపించాను. శనివారం పొద్దుటి పూట తనది అన్నారు. ఒక్క సందేహం: డ్రైవ్‌లోకి కాపీ అయిపోగానే కార్డులు ఫార్మాట్ చేసేయొచ్చా?

జవాబు:

వద్దమ్మా. మూడు కాపీలు, రెండు రకాల నిల్వ సాధనాలు, ఒకటి ఇంటి బయట: అది పూర్తయ్యేదాకా కార్డు ముట్టుకోను. బయటి కాపీ అంటే క్లౌడ్ కావచ్చు, చుట్టాలింట్లో పెట్టిన డ్రైవ్ కావచ్చు. కాపీ అయిందని నమ్మకుండా రెండు డ్రైవ్‌లలోనూ ఫైళ్ల లెక్క సరిచూసి, మధ్యలోవి నాలుగు తెరిచి చూడండి. ఆ తర్వాత కార్డుని కంప్యూటర్‌లో కాదు, కెమెరాలోనే ఫార్మాట్ చేయండి. అప్పటిదాకా వాడిన కార్డుల్ని కేసులో బోర్లా పెట్టి ఉంచితే తర్వాతి షూట్‌కి పొరపాటున వాటిని తీసే భయం ఉండదు.