‘మెదడువాపు’ అనవచ్చునా? ఒక శీర్షిక గురించి

ప్రశ్న:
పక్షవాతానికి చికిత్స జరిగిన తరువాత రోగి మెదడు వాచే ప్రమాదాన్ని రక్తంలోని కొన్ని ప్రోటీన్ల ఆధారంగా ముందే తెలుసుకోవచ్చునా అన్న విషయం మీద ఒక వ్యాసాన్ని తెనిగిస్తున్నాను. శీర్షికను ‘పక్షవాత చికిత్స వల్ల మెదడువాపు: రక్తంలోని జీవసూచికలతో జోస్యం’ అని రాసుకున్నాను. చదివిన మిత్రుడొకరు ‘ఇది దోమకాటుతో వచ్చే జబ్బు గురించా?’ అని అడిగారు. పొరపాటు ఎక్కడ జరిగిందో పెద్దలు చెప్పగలరు.

జవాబు:
మీ మిత్రుడి సందేహం సబబైనదే. ‘మెదడువాపు’ అన్నది రెండు మాటల కలయికగా కాక ఒక జబ్బు పేరుగా స్థిరపడి చాలా కాలమైంది. ఆ మాట వినగానే వైరస్ సోకి జ్వరంతో, ఫిట్సుతో మంచాన పడే ఎన్‌సెఫలైటిస్ గుర్తుకు వస్తుంది తప్ప, రక్తనాళం పూడుకుపోయి దెబ్బతిన్న మెదడు భాగంలో నీరు చేరడం గుర్తుకు రాదు. వైద్యులు ఇన్‌ఫ్లమేషన్ (దెబ్బకో, సోకిన క్రిమికో శరీరం ఎరుపుతో, మంటతో ఎదురుతిరగడం) అనీ ఎడీమా (నీరు చేరడం) అనీ వేరు చేసి చెప్పే రెండింటినీ మనం ‘వాపు’ అనే ఒక్క మాటతో సరిపెట్టుకుంటున్నాం. పోనీ ‘శోథ’ అందామా అంటే, నేటి పారిభాషిక పదకోశాలు దాన్ని ఇన్‌ఫ్లమేషన్‌కు కేటాయించాయి. చరక సంహితలోని త్రిశోథీయాధ్యాయం నాటికి మాత్రం అది కంటికి కనబడే వాపే.

నామవాచకాన్ని వదిలి క్రియను పట్టుకోండి. ‘మెదడు వాచడం’ అన్నప్పుడు అది జబ్బు పేరుగా కాక, జరుగుతున్న పనిగా వినిపిస్తుంది. కాలు వాస్తే చర్మం సాగి చోటు ఇస్తుంది. మెదడు చుట్టూ ఉన్నది పుర్రె ఎముక. అది సాగదు కనుక వాచిన భాగం పక్క భాగాన్ని నొక్కుతుంది. పెద్ద స్ట్రోకుల్లో ఈ ఒత్తిడి చాలావరకు రెండో రోజుకూ ఐదో రోజుకూ మధ్య ముదురుతుంది. పుర్రెలో కొంత ఎముకను తీసి చోటు కల్పించే శస్త్రచికిత్స అవసరమైన వారికి దాన్ని 48 గంటల లోపల చేయడం మేలు కాబట్టే, ఎవరి మెదడు ప్రమాదకరంగా వాస్తుందో మొదటి రోజే తెలుసుకోవాలని ఇంత ఆరాటం.

ఈ వాపులోనూ రెండు రకాలున్నాయని 1967లో మెదడు జబ్బుల పరిశోధకుడు ఇగోర్ క్లాట్జో వర్గీకరించారు. కణమే నీరు పీల్చుకుని వాయడం ఒకటి, నాళాల గోడలు వదులై రక్తంలోని ద్రవం బయటికి ఊరడం రెండవది. మొదటిదాన్ని ‘కణవాపు’ అనీ రెండవదాన్ని ‘ఊటవాపు’ అనీ అంటే, బావి ఊట తెలిసిన పాఠకుడికి వివరణ అక్కరలేదు.

‘చికిత్స వల్ల’ అన్నది మాత్రం తప్పే. నాళాన్ని మూసిన రక్తపు గడ్డను మందుతో కరిగించినా, గొట్టంతో లాగివేసినా, రక్తాన్ని తిరిగి పారించడం మొత్తమ్మీద మెదడును కాపాడే పని. అప్పటికే దెబ్బతిన్న గోడల గుండా కొందరిలో ఊట పెరగవచ్చుగాని, మీ శీర్షిక చదివినవారు చికిత్సకే భయపడతారు. ‘తరువాత’ అంటే చాలు.

బయోమార్కర్‌కు ‘జీవసూచిక’ వాడుకలో ఉంది, తప్పు పట్టను. అయినా నాకు ‘ఆనవాలు’ మీద మక్కువ. హనుమంతుడు సీతకు ఇచ్చిన ఉంగరం ఆనవాలు. కళ్లెదుట లేనివాణ్ణి రుజువు చేసే వస్తువు అది. ఎస్100బి, జీఎఫ్‌ఏపీ అనే ప్రోటీన్లు అచ్చంగా అలాంటివే: మెదడులో నాడీకణాలకు ఆసరాగా ఉండే ఆస్ట్రోసైట్లనే కణాలు దెబ్బతిన్నప్పుడు అవి రక్తంలోకి వచ్చి పడతాయి. (ఎస్100 పేరులో మర్మమేమీ లేదు. నూరు శాతం సంతృప్తమైన అమ్మోనియం సల్ఫేటు ద్రావణంలోనూ కరిగి ఉంటుందని 1965లో అలా పిలిచారు.) ఎంఎంపీ-9 అనే మరో ప్రోటీన్ కథ వేరు. అది నాళాల గోడకు ఆధారమైన పొరను కొరికే ఎంజైము కాబట్టి, అది దొంగ వదిలిన ఆనవాలు కాదు, దొంగల్లో ఒకడే. మూడింటినీ ఒకే మాటతో పిలవాలంటే మీ ‘సూచిక’ వైపే మొగ్గాల్సి వస్తుందని ఒప్పుకుంటున్నాను.

‘జోస్యం’ తీసివేయండి. ఎస్100బి కొవ్వు కణాల్లోనూ ఉంటుంది, ఎంఎంపీ-9 ఇన్‌ఫెక్షన్లలోనూ పెరుగుతుంది. కనుక ఈ పరీక్షలు స్కానుతో, రోగి స్థితితో కలిపి చూసుకోవలసిన సంభావ్యతను చెబుతాయేగాని జరగబోయేదాన్ని చెప్పవు.

మరొకరు:
‘మెదడు ఉబ్బు’ అంటే గొడవ వదిలిపోదా?

జవాబు:
ఆలోచించానండీ. కానీ ఉబ్బడంలో గాలి ఉంది, పొగడ్త ఉంది. పూరీ ఉబ్బుతుంది, పొగిడితే మనిషీ ఉబ్బుతాడు. వాయడంలో నొప్పీ దెబ్బా ఉన్నాయి. వాపును చూసి బలుపనుకోవద్దని సామెత కట్టినవారికి ఈ తేడా బాగా తెలుసు.

ప్రశ్న అడిగినవారు:
‘పక్షవాత చికిత్స తరువాత మెదడు వాచే ప్రమాదం: రక్తసూచికలతో ముందస్తు అంచనా’ అని మార్చాను. ‘అంచనా’కు బదులు ‘పసిగట్టడం’ అని రాయాలనిపించింది గాని, పసి అంటే వాసన కదా, ప్రయోగశాల నివేదికకు మరీ వేటకుక్క వాసన వస్తుందేమోనని ఆగాను.