పాత 8 ఎం.ఎం. ప్రొజెక్టరు దగ్గర "స్ట్రే లైట్"ని తెలుగులో ఏమనాలి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మా మామయ్యగారు 60ల్లో చికాగోలో చదువుకునేటప్పుడు తీసిన 8 ఎం.ఎం. రీళ్లు, ప్రొజెక్టరుతో సహా ఇప్పుడు మా ఇంటికి చేరాయి. పిల్లలు కూడా నడుపుకునేలా తెలుగులో ఒక పేజీ సూచనలు రాసి ఆ పెట్టెలోనే పెడదామని మొదలుపెట్టాను. రీలు ఎక్కించడం, లూపు వదలడం వరకూ సాఫీగానే వచ్చింది. "స్ట్రే లైట్" దగ్గర ఆగిపోయాను. ప్రొజెక్టరు వేస్తే సీలింగు మీదా పక్క గోడ మీదా చారలు చారలుగా వెలుతురు. తెర మీద బొమ్మలో నలుపు కాస్తా బూడిదరంగులా ఉంటోంది. "దారితప్పిన కాంతి" అని రాశాను గానీ అనువాదం వాసన కొడుతోంది. ఏమందాం?

తెలుగు మాస్టారు, నెల్లూరు:
"పెడవెలుగు" అనండమ్మా. పెడదారి, పెడమొగం, పెడచెవిన పెట్టడం, అన్నిట్లోనూ ఉన్న "పెడ"యే. వెళ్లాల్సిన వైపు కాకుండా పక్కకి మళ్లినదని అర్థం. మాట చిన్నది, నోరు తిరుగుతుంది.

హైదరాబాద్ సభ్యుడు:
"దొంగ వెలుతురు" ఎలా ఉంటుంది? దొంగచాటుగా బయటికి వస్తోంది కదా.

తెలుగు మాస్టారు:
దొంగచూపు అన్నప్పుడు మీరన్న అర్థమే. కానీ దొంగ నోటు, దొంగ సంతకం అన్నప్పుడు నకిలీ అని కదండీ. "దొంగ వెలుతురు" అంటే నాకు ముందు ఆ రెండోదే తోస్తుంది.

ఫిజిక్స్ లెక్చరర్, వరంగల్:
పదో తరగతి పుస్తకంలో "పరిక్షేపణం" ఉంది. కానీ అది కాంతి కణాలకి తగిలి నలువైపులా చెదరడం. ఆకాశం నీలంగా కనిపించడానికి కారణం అదే. లెన్సు మీది దుమ్ము వరకూ సరిపోతుందేమో గానీ, సీలింగు మీది చారలకి చెల్లదు. వాటిలో చెదరడమేమీ లేదు, సందులోంచి తిన్నగా వచ్చిన వెలుతురది.

పాత ప్రొజెక్టర్లు బాగుచేసే సభ్యుడు, విజయవాడ:
లెక్చరర్ గారు అసలు ముడి పట్టుకున్నారు. మేడమ్, మీరు చెప్పింది ఒకే జబ్బు కాదు. ఇంగ్లీషువాళ్లు అన్నిటికీ ఒకటే పేరు పెట్టుకున్నారు గానీ మందులు వేరు వేరు. అన్నిటికీ ఒకే మాట రాస్తే పిల్లలు ఏది సరిచెయ్యాలో తెలియక మొత్తం మెషీన్‌కి గుడ్డ కప్పేస్తారు. అదే నా భయం.

ముందు తేల్చుకోండి. ఫిల్ము ఎక్కించకుండా మోటారు, దీపం వేసి, లెన్సు ముందు జానెడు దూరంలో నల్ల అట్టముక్క పట్టుకోండి. అప్పుడు గదిలో మిగిలిన వెలుతురు దాదాపు అంతా లాంప్ హౌస్, అంటే బల్బు ఉండే పెట్టె, సందుల్లోంచి వస్తున్నదే. తెర మీద కూడా కాస్త వెలుతురుంటే, అది సీలింగుకి కొట్టి అక్కడికి చేరినది. తెర నల్లగానే ఉండి, ఫిల్ము వేసినప్పుడు మాత్రం నలుపు తేలిపోతుంటే తప్పు లెన్సుదో గదిదో.

లాంప్ హౌస్ సంగతి. ఆ కాలం వాటిలో 500, 750 వాట్ల బల్బులుండేవి. కరెంటులో చాలా భాగం వేడికే పోతుంది. ఫ్యాను ఆ వేడిని పై సందుల్లోంచి తోసేస్తుంది. గాలి మలుపు తిరుగుతుంది, వెలుతురు తిరగదు. అందుకే సందుల వెనక అడ్డదిడ్డంగా రేకులు పెట్టేవాళ్లు. బల్బు మార్చినప్పుడు ఎవరో ఆ రేకు ఊడదీసి మళ్లీ పెట్టకపోవచ్చు. పాత బల్బులు చాలావాటికి నెత్తిన నల్లపూత ఉండేది. వెలుతురు పైకి పోకుండా ఆపేది అదే. పూత లేని బల్బు పెట్టినా ఇదే గొడవ. ఈ రెండూ చూశాకే కొత్తది కట్టండి: పల్చటి అల్యూమినియం రేకు, లోపలివైపు సైలెన్సర్లకి వేసే వేడికి తట్టుకునే మ్యాట్ నలుపు, సందులకి రెండు వేళ్ల ఎత్తున చూరులా వంచి. రేకు సందుల్ని ముయ్యకూడదు, వాటి మీదుగా నిలబడాలి. అట్ట, గుడ్డ, టేపు ఆ దరిదాపులకి వద్దు. గాలి ఆగితే బల్బు పోతుంది. 8 ఎం.ఎం. ఫిల్ము ఎసిటేట్ అనే ప్లాస్టిక్‌ది కాబట్టి పాత 35 ఎం.ఎం. నైట్రేట్‌లా భగ్గుమనదు గానీ, గేటు దగ్గర, అంటే ఫిల్ము వెలుతురుకి అడ్డంగా నడిచే చోట, మెత్తబడి బుడగలు కడుతుంది. మామయ్యగారి చికాగో అక్కడికి సరి.

లెన్సు సంగతి తేలిక. దుమ్ము, వేలిముద్రలు, బూజు. మెరుపు తగ్గించే పూత లేని పాత లెన్సుల్లో ఒక్కో గాజు ఉపరితలం నూటికి నాలుగు వంతుల వెలుతురు వెనక్కి కొడుతుంది. అలాంటివి నాలుగైదు ఉంటే నలుపు ఎలా నిలుస్తుంది? శుభ్రం చేసి, ముందు నల్ల కాగితం గొట్టం తొడిగితే కొంత మెరుగు. లెన్సు ముందు వేడి అంతగా ఉండదు కాబట్టి ఇక్కడ కాగితం పరవాలేదు. ఇక గది: తెర పక్కన తెల్ల గోడలుంటే బొమ్మ వెలుగే వాటికి తగిలి తెర మీదికి తిరిగొస్తుంది. ముదురురంగు దుప్పటి కట్టండి, చాలు.

తెల్ల అక్షరాలకి నిలువుగా తోకలొస్తే అది వీటిలో ఏదీ కాదు, షట్టర్ (ఫిల్ము జరిగేటప్పుడు వెలుతురుని ఆపే రేకు) టైమింగు తప్పింది.

కాకినాడ సభ్యురాలు:
ఇంత చదివాక ఒకటి తోచింది. ఆయన "సీలింగుకి కొట్టి" అన్నారు. మీరు కూడా ప్రశ్నలో "వాసన కొడుతోంది" అన్నారు. వాసన రావడం వేరు, కొట్టడం వేరు. మల్లెపూలు వాసన వేస్తాయి, మురుగు కొడుతుంది. ఎండ మొహాన కొడుతుంది, కళ్లలోకి లైటు కొడుతుంది. అక్కర్లేనిచోట పడిందన్న ఫిర్యాదు ఆ క్రియలోనే ఉంది, మళ్లీ విశేషణం ఎందుకు? "వెలుగు చిమ్మడం" మాత్రం వద్దు, అది పొగడ్త.

తెలుగు మాస్టారు:
క్రియ బాగుందమ్మా, కాదనను. కానీ పట్టికలో, శీర్షికలో నామవాచకం కావాల్సివస్తుంది. అక్కడ "పెడవెలుగు"నే ఉంచమంటాను.

కాకినాడ సభ్యురాలు:
శీర్షిక అవసరమా మాస్టారూ? పెట్టెలో పెట్టే కాగితమే కదా!

ప్రశ్న అడిగినావిడ:
ఇలా రాశాను, చూడండి: "సీలింగు మీద లైటు కొడుతుంటే పైకప్పు మీది నల్ల రేకు సరిగా ఉందో లేదో చూడాలి. సందులు మూయకూడదు. బొమ్మలో నలుపు తేలిపోతుంటే లెన్సు తుడవాలి, పక్క గోడలకి దుప్పటి కట్టాలి." మాస్టారి మాట పేజీ పైన, గీత గీసి.

విజయవాడ సభ్యుడు:
"పైకప్పు" తీసేసి "లాంప్ హౌస్ మూత" అని రాయండి మేడమ్. లేకపోతే పిల్లలు నిచ్చెన వేసుకుని డాబా ఎక్కుతారు. తుడిచే ముందు ప్లగ్ తీసి చల్లారనివ్వమని కూడా ఒక ముక్క చేర్చండి.