సముద్రపు నీటిలో మునిగిన వస్తువులపై వేలిముద్రలు: డిగ్రీ స్థాయిలో సొంత ప్రాజెక్టు సాధ్యమేనా?

ప్రశ్న: విశాఖ విద్యార్థిని

నమస్కారం. నేను విశాఖపట్నంలో బీఎస్సీ కెమిస్ట్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. మా కాలేజీలో ఫోరెన్సిక్ సైన్స్ విభాగం లేదు. అయినా కెమిస్ట్రీ మేడమ్ గైడుగా ఉండటానికి ఒప్పుకున్నారు. సముద్రంలోకి విసిరేసిన కత్తి, సెల్‌ఫోను, ప్లాస్టిక్ సీసా వంటి వాటిపై వేలిముద్రలు ఎన్నాళ్లు నిలుస్తాయో చూడాలని ఉంది. వేలిముద్రలను కనిపించేలా చేసే నిన్‌హైడ్రిన్ అనే రసాయనం మా ల్యాబులో ఉంది. కేసుల్లో స్వాధీనం చేసుకున్న వస్తువులు మాకు ఎవరూ ఇవ్వరు కదా, అవి లేకుండా చేసిన పనికి విలువ ఉంటుందా?

జవాబు: విశ్రాంత నిపుణుడు

అమ్మా, కేసు వస్తువులు దొరకకపోవడం లోటేమీ కాదు. వాటిమీది ముద్ర ఎవరిదో, ఎంతసేపు నీటిలో నానిందో ముందుగా ఎవరికీ తెలియదు. మీరు వేయించిన ముద్ర విషయంలో ఇవన్నీ మీ చేతిలోనే ఉంటాయి.

నిన్‌హైడ్రిన్‌ను మాత్రం పక్కన పెట్టండి. అది చెమటలోని అమైనో ఆమ్లాలతో కలిసి ఊదారంగు ఇస్తుంది కాబట్టి 1954లో ప్రతిపాదించిన నాటి నుంచి కాగితం మీది ముద్రలకు బాగా ఉపయోగపడుతోంది. నీటిలో మునిగితే ఆ ఆమ్లాలు, ఉప్పు కరిగిపోతాయి. మిగిలేది చర్మపు జిడ్డే. ఆ జిడ్డును పట్టుకునేది స్మాల్ పార్టికల్ రీయేజెంట్, అంటే కొద్దిగా డిటర్జెంటు కలిపిన నీటిలో తేలాడే మాలిబ్డినం డైసల్ఫైడ్ మెత్తటి పొడి. పొడి త్వరగా అడుగుకు దిగిపోతుంది కాబట్టి స్ప్రే చేసే ప్రతిసారీ సీసాను గట్టిగా కుదపాలి. తరువాత మంచినీటిని సన్నధారగా పోస్తే అదనపు పొడి కొట్టుకుపోయి బూడిదరంగు రేఖలు మిగులుతాయి. తుడవడం మాత్రం వద్దు. నల్లటి సెల్‌ఫోను మీద ఈ రంగు కనిపించదు, అక్కడ జింక్ కార్బొనేటుతో చేసిన తెల్లది కావాలి. మామూలు ఇనుప కత్తి ఉప్పునీటిలో తుప్పు పడుతుంది. ముద్ర చెరిగింది నీటివల్లా, తుప్పువల్లా అన్నది తేల్చలేక చిక్కుపడతారు.

జవాబు: పరిశోధక విద్యార్థి

పై సలహాతో ఏకీభవిస్తాను, కానీ ఇలాంటి ప్రాజెక్టులు చాలావరకు దెబ్బతినేది రసాయనం దగ్గర కాదు, ముద్రలు సేకరించే తీరు దగ్గర. నుదుటి మీద, ముక్కు మీద వేలు రాయించి జిడ్డు ముద్రలు వేయిస్తే ఏ పద్ధతైనా అద్భుతంగా పనిచేసినట్టే కనిపిస్తుంది. చేతులు కడిగిన తరువాత కొంతసేపు మామూలు పనులు చేసుకోనిచ్చి, అప్పుడు వేయించిన సహజ ముద్రలూ తప్పక ఉండాలి. ఒకే వేలిని మళ్లీ జిడ్డు అంటకుండా వరుసగా నొక్కిస్తే ముద్రలు క్రమంగా పలచబడతాయి, మీ పద్ధతి ఎంత బలహీనమైన ముద్ర వరకు పనిచేస్తుందో దానివల్ల తెలుస్తుంది. బయటపడిన ముద్రల ఫొటోలకు స్పష్టతను బట్టి 0 నుంచి 4 వరకు మార్కులు వేసేవారికి ఏది సముద్రపు నీటిదో, ఏది కుళాయి నీటిదో, ఏది అసలు తడవనిదో తెలియకూడదు. ముగ్గురి నుంచి 60 ముద్రలు తీసుకుంటే అవి 60 స్వతంత్ర నమూనాలు కావు. అది ముగ్గురి కథే. ఈ సంగతి దాచకుండా రాసిన చిన్న రిపోర్టు, గ్రాఫులతో నింపిన పెద్ద థీసిస్ కంటే నాకు ఎక్కువ నచ్చుతుంది.

జవాబు: డిగ్రీ లెక్చరర్

ముద్రలిచ్చే స్నేహితుల నుంచి రాతపూర్వక అంగీకారం తీసుకోండి. రిజిస్ట్రేషన్ దస్తావేజుల్లోని వేలిముద్రలకు నకళ్లు తయారుచేసి, ఆధార్ చెల్లింపుల ద్వారా బ్యాంకు ఖాతాల్లోని సొమ్ము కాజేసిన ముఠాలు మన తెలుగు రాష్ట్రాల్లోనే పట్టుబడ్డాయి. కాబట్టి పూర్తి ముద్రల ఫొటోలు వాట్సాప్ గ్రూపులో కానీ, ఆన్‌లైన్‌లో పెట్టే రిపోర్టులో కానీ ఉండకూడదు. పేర్లకు బదులు కోడ్ నంబర్లు రాసి, ప్రాజెక్టు ముగిశాక ముద్రలను ఏం చేస్తారో అంగీకారపత్రంలోనే చెప్పండి.

విశాఖ విద్యార్థిని

అందరికీ ధన్యవాదాలు. కత్తి, సెల్‌ఫోను రెండింటినీ వదిలేసి, గాజు పలకలు, ప్లాస్టిక్ సీసాల ముక్కలు మాత్రమే తీసుకుంటాను. అలల తాకిడి చేరితే లెక్క తప్పుతుంది కనుక సముద్రపు నీటిని బకెట్లలో తెచ్చి ల్యాబులోనే నానబెడతాను. ఉప్పు కలిపిన కుళాయి నీరు వాడితే సరిపోతుందా?

విశ్రాంత నిపుణుడు

లీటరుకు 35 గ్రాముల ఉప్పు కలిపితే ఉప్పదనం సముద్రపు నీటికి దగ్గరగా వస్తుంది, కానీ అందులోని సూక్ష్మజీవులు రావు. రెండూ పెట్టి చూడండమ్మా, తేడా కనిపిస్తే అదే మీ ప్రాజెక్టులో అసలైన ఫలితం కావచ్చు.