"విశ్వాసులకు మాత్రమే" అని టులెట్ బోర్డు పెడితే మత్తయి 7:12 ఏమవుతుంది?

గుంటూరు వాసి:
అందరికీ వందనాలు. బెంగళూరు రామమూర్తి నగరలో మాకు చిన్న ఇల్లుంది. పై పోర్షన్ ఖాళీ అయింది. "విశ్వాసులకు మాత్రమే", అంటే క్రైస్తవులకే, అని బోర్డు రాయిద్దామని నేనూ మా ఆవిడా అనుకున్నాం. మా పెద్దబ్బాయి ససేమిరా అంటున్నాడు. "మనుష్యులు మీకు ఏమి చేయవలెనని మీరు కోరుదురో ఆలాగుననే మీరును వారికి చేయుడి" అని మత్తయి సువార్త 7:12లో యేసు చెప్పిన మాట చర్చిలో చదివి, ఇంటికొచ్చి ఇలాంటి బోర్డు ఎలా కడతామంటాడు.

నా బాధ కూడా వినండి. ఈ ఊరు వచ్చిన కొత్తలో ఇల్లు వెతుక్కుంటుంటే ముందు పేరు అడిగేవారు, తర్వాత మాంసం వండుతారా అని అడిగేవారు. ఆ వెంటనే "ఇల్లు వేరేవాళ్లకి మాటిచ్చేశాం" అనేవారు. ఇవాళ దేవుడు మాకో ఇల్లిచ్చాడు. మాలాగే తిరుగుతున్న మన పిల్లలకి ఇస్తే తప్పేముంది? గలతీ 6:10లో పౌలు విశ్వాస గృహానికి చేరినవారికి విశేషంగా మేలు చేయమన్నాడు కదా. వాక్యం తెలిసినవాళ్లు చెప్పండి.

విశ్వాసి 7:
ప్రైజ్ ది లార్డ్ బ్రదర్. నిస్సంకోచంగా పెట్టండి. "అవిశ్వాసులతో జోడుగా ఉండకుడి" అని 2 కొరింథీ 6:14 స్పష్టంగా చెబుతోంది. ఒకే మెట్లు, ఒకే గేటు, పెరిగే పిల్లలు. మీ ఇంటి వాతావరణం కాపాడుకోవడం ద్వేషం కాదు. అందరితో మంచిగా ఉండండి, అవసరంలో ఉన్నవాడికి అన్నం పెట్టండి. అంతమాత్రాన ఇంటి తాళాలు అందరికీ ఇవ్వాలని 7:12లో లేదు.

నెల్లూరమ్మాయి:
అన్నా, గలతీ 6:10లో "విశేషముగా" అనే ముందు "అందరియెడలను" అని ఉంది. అందరికీ మేలు చేస్తూ, విశ్వాసులకి ఇంకాస్త ఎక్కువ చేయమని పౌలు మాట. మిగతావాళ్లకి తలుపు మూసేయమని ఆ వచనంలో ఎక్కడుంది?

మీ అబ్బాయి చెప్పిన మాటనే లూకా 6:31లో కూడా చూడండి. పైన 27వ వచనంలో శత్రువులను ప్రేమించమని ఉంది. కిందనే, మిమ్మల్ని ప్రేమించేవాళ్లనే ప్రేమిస్తే మీకేం మెప్పు అని యేసు అడుగుతున్నాడు. అంటే మనకి మంచి చేసినవాళ్లకో, మనవాళ్లకో తిరిగి చేయమని చెప్పిన సందర్భం కాదది. మీకు ఇల్లు లేదన్నవాళ్లు ఎదురుగా నిలబడినప్పుడు పాటించాల్సిన వాక్యం.

బ్రదర్ విశ్వాసి 7, పౌలే 1 కొరింథీ 5లో ఈ లోకపు జనంతో బొత్తిగా కలవకూడదని తన ఉద్దేశం కాదంటాడు, అలాగైతే లోకంలో నుంచే వెళ్లిపోవాల్సి వస్తుందంటాడు. అద్దెకుండేవాడు నెలనెలా అద్దె కట్టి తన బతుకు తాను బతుకుతాడు. అది జోడు ఎలా అవుతుంది?

నన్ను ఎక్కువగా పట్టుకున్నది నిర్గమకాండం 23:9. "పరదేశి మనస్సు ఎట్లుండునో మీరెరుగుదురు" అంటాడు దేవుడు, మీరు ఐగుప్తులో పరదేశులుగా ఉన్నారు కదా అని. ఇశ్రాయేలీయులు పడ్డ కష్టాన్ని వాళ్లు ఇతరులతో ఎలా ఉండాలో చెప్పడానికి కారణంగా చూపించాడు. మీరు పడ్డ అవమానాన్ని మీరు బోర్డుకి కారణంగా చూపిస్తున్నారు. చిన్నదాన్ని, ఇలా అన్నందుకు ఏమీ అనుకోవద్దు. కానీ ఆ తిరుగుడు ఎలా ఉంటుందో తెలిసిన మీరే బోర్డు కడితే, ఇక తెలియనివాళ్లని మనం ఏ నోటితో అడుగుతాం?

అనంతపురం లాయర్:
చట్టం సంగతి నేను చెబుతాను. రాజ్యాంగం 15(2) దుకాణాలు, హోటళ్లు, బావులు, రోడ్లలాంటి చోట్ల మతం, కులం పేరుతో అడ్డుకోకూడదంటుంది. సొంత ఇంటి అద్దె మాట అందులో లేదు. 2005లో అహ్మదాబాద్ పార్సీ హౌసింగ్ సొసైటీ కేసులో, సభ్యత్వం పార్సీలకే అన్న సొసైటీ నియమాన్ని సుప్రీంకోర్టు తప్పుపట్టలేదు. కాబట్టి కోర్టు భయంతో తేల్చుకునే విషయం కాదిది.

కడప కుర్రాడు:
బోర్డు గురించి ఇంత చర్చిస్తున్నారు. ఇల్లిచ్చాక ఎలా చూస్తారన్నది కూడా అందులోదే కదా? నేను మారతహళ్లిలో ఉన్న ఇంటి ఓనర్ విశ్వాసే. ఊళ్లో అలవాటని పది నెలల అద్దె అడ్వాన్స్ తీసుకున్నారు. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ అని ఒక నెల అద్దె కోసేశారు, గోడ మీద ఒక్క గీత లేదు. కొత్తవాళ్లు వచ్చేదాకా మిగతా డబ్బు తిప్పుతూనే ఉన్నారు. అక్కడ మా ఊళ్లో నాన్న ఆ అడ్వాన్స్ కోసం వడ్డీకి తెచ్చారు. విశ్వాసికి ఇల్లివ్వడం సులువేనండి, విశ్వాసి డబ్బు విశ్వాసికి సమయానికి తిరిగివ్వడం దగ్గరే వాక్యం గుర్తు రాదు.

అనంతపురం లాయర్:
తమ్ముడూ, 2021లో కేంద్రం తెచ్చిన నమూనా అద్దె చట్టంలో నివాసపు ఇళ్లకి అడ్వాన్స్ రెండు నెలలు మించకూడదని ఉంది. అది నమూనా మాత్రమే, రాష్ట్రం చట్టంగా చేసుకుంటేనే అమలవుతుంది. ఓనర్ తలుచుకుంటే ఆ లెక్క ఈరోజే పాటించవచ్చు.

మదనపల్లె మాస్టారు:
నేను హిందువుని. ఈ మాట మీ గ్రంథంలోనే కాదు, మా దాంట్లోనూ ఉందని గుర్తు చేద్దామనే రాస్తున్నాను. "ఒరులేయవి యొనరించిన" అని తిక్కన గారి పద్యం బడిలో అందరం చదివాం. ఇతరులు ఏం చేస్తే మనకి నొప్పి కలుగుతుందో, అది మనం వాళ్లకి చేయకుండా ఉండటమే పరమ ధర్మం. ఆ లెక్కన బోర్డు పెట్టకపోతే చాలు, అయిపోయింది కదా.

నెల్లూరమ్మాయి:
మాస్టారూ, నమస్కారం. ఆ పద్యం నాకూ ఇష్టం. యూదుల గురువు హిల్లేలు కూడా దాదాపు అదే మాట అన్నాడు. యేసు మాట అక్కడితో ఆగదని నాకనిపిస్తుంది. నొప్పి కలిగించకుండా ఉండటానికి బోర్డు మానేస్తే సరిపోతుంది. "మీరును వారికి చేయుడి" అన్నప్పుడు ముందు మనమే కదలాలి. బ్రోకర్లు తిప్పుతున్న పిల్లని పిలిచి ఇల్లు చూపించాలి, నీళ్ల ఇబ్బంది ఉంటే ముందే చెప్పాలి. ఎండాకాలం ట్యాంకర్ మీద ఎంత పడుతుందో దాచిపెట్టి ఇల్లివ్వడం కూడా ఈ వాక్యం కిందికే వస్తుంది.

గుంటూరు వాసి:
అందరివీ చదివాను. బోర్డు మాట వదిలేశాను. ఒక్కటి మాత్రం మింగుడుపడటం లేదు. పైన సత్యనారాయణ వ్రతం చేసుకుంటామంటే? హోమం అంటే? నా ఇంట్లో అది జరగనివ్వడం నా విశ్వాసానికి విరుద్ధం కాదా?

విశ్వాసి 7:
నేను మొదటి నుంచీ అంటున్నది ఇదే బ్రదర్. ఒకసారి ఒప్పుకున్నాక మధ్యలో కాదనలేరు. అప్పుడు గొడవలయ్యే కంటే, ముందే విశ్వాసులకి ఇవ్వడం ఇద్దరికీ మంచిది.

నెల్లూరమ్మాయి:
అన్నా, మేం లింగరాజపురంలో అద్దెకున్నప్పుడు ఓనరమ్మ కన్నడ అజ్జి, రోజూ పూజ చేసేవారు. మా ఇంట్లో శుక్రవారం ప్రార్థన పెట్టుకుంటామని అమ్మ భయపడుతూనే అడిగింది. చేసుకోండమ్మా, చెప్పులు మెట్ల మీద వదలొద్దు అన్నారంతే. పాటలూ చప్పట్లూ అన్నీ విన్నారు. మా ప్రార్థన ఆవిడ పూజ అయిపోలేదు, ఆవిడ దేవుణ్ణి ఆవిడ వదులుకోలేదు. ఆవిడ కాదని ఉంటే అమ్మ ఎంత ఏడ్చేదో నాకు తెలుసు. పైవాళ్లు వ్రతం చేసుకుంటే మీరు అందులో కూర్చోవాల్సిన పనిలేదు. వాళ్లకి నీడ ఇచ్చి అద్దె తీసుకుంటున్నారు, అంతవరకే.

మదనపల్లె మాస్టారు:
గుంటూరు వాసి గారూ, రూల్ పెడితే ఇద్దరికీ ఒకటే పెట్టండి. రాత్రి పదింటి నుంచి పొద్దున ఆరింటిదాకా లౌడ్‌స్పీకర్ వాడకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లో ఎలాగూ ఉంది. అది మీ ప్రార్థనకీ, పైవాళ్ల భజనకీ వర్తిస్తుంది. పెద్ద మంట, పొగ వద్దని అగ్రిమెంట్‌లో రాసుకోండి, మీరూ పాటించండి.

గుంటూరు వాసి:
మంట సంగతి అగ్రిమెంట్‌లో రాయిస్తాను మాస్టారూ. అడ్వాన్స్ మూడు నెలలే తీసుకుందామని మా ఆవిడ అంటోంది. హోమం విషయంలో మనసు ఇంకా కుదుటపడలేదు, మా చర్చి అయ్యగారితో మాట్లాడతాను. విశ్వాసి 7 బ్రదర్, మీరూ ప్రార్థనలో పెట్టండి. రేపు సాయంత్రం చిత్తూరు నుంచి ఒక కుటుంబం ఇల్లు చూడటానికి వస్తోంది. పేరు అడగలేదు, ఎంతమంది ఉంటారని మాత్రం అడిగాను.