బ్లాష్కాల గాజు పూలు: చేతిపనా, శాస్త్రమా?

ప్రశ్న: హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని గాజు పూలను జర్మనీకి చెందిన తండ్రీకొడుకులు లియోపోల్డ్, రుడాల్ఫ్ బ్లాష్కాలు వృక్షశాస్త్ర బోధన కోసం చేశారని చదివాను. పువ్వు లోపలి కేసరాలు సైతం అంత కచ్చితంగా ఎలా కుదిరాయి?

జవాబు 1: అది వారికి వంశపారంపర్యంగా వచ్చిన విద్య. మంటపై గాజు కడ్డీని మెత్తబరిచి, పట్టకారుతో లాగుతూ, నొక్కుతూ రేకులు తీర్చి, కావలసిన చోట కాడ లోపల లోహపు తీగ అమర్చేవారు.

జవాబు 2: అయితే చేతి నేర్పు ఒక్కటే చాలేది కాదని నా అభిప్రాయం. తమ తోటలోనే మొక్కలు పెంచి, భాగాలను పరిశీలించి, చిత్రాలు గీసుకునేవారు. రుడాల్ఫ్ 1892లో జమైకా వరకూ వెళ్లి అక్కడి మొక్కలను స్వయంగా చూశాడు. 1895లో తండ్రి మరణించాక, 1936 వరకు ఒంటరిగానే ఆ పని కొనసాగించాడు. ఆ నిష్ఠకు చేతులెత్తి మొక్కాలి!

జవాబు 3: కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఉన్న వారి గాజు సముద్రజీవులను కూడా చూడండి. వాటిలో ఏయే జీవులు నేటికీ కనిపిస్తున్నాయో జీవశాస్త్రజ్ఞులు సముద్రంలో దిగి వెతికారు.