చీర కట్టడం రాకపోతే సిగ్గుపడాలా? సబ్యసాచి మీద జనానికి వచ్చిన కోపం న్యాయమేనా?

నీలవేణి (చర్చ మొదలుపెట్టినవారు)

పోయిన వారం విజయవాడలో మా పిన్ని కూతురి పెళ్లి. పెళ్లికూతురి స్నేహితురాలు ఒకమ్మాయి, 24 ఏళ్లుంటాయి, చీర కట్టించుకోవడానికి బ్యూటీషియన్ కోసం గంటసేపు కూర్చుంది. మా పెదనాన్న అది చూసి అందరి ముందూ "ఆడపిల్లవై ఉండి చీర కట్టుకోవడం రాదా, సిగ్గుగా లేదూ?" అనేశారు. ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు వెంటనే 2018 ఫిబ్రవరి గుర్తొచ్చింది.

తెలియనివారి కోసం క్లుప్తంగా చెప్తాను. కోల్‌కతా డిజైనర్ సబ్యసాచి ముఖర్జీ ఆ నెలలో అమెరికాలో, హార్వర్డ్ ఇండియా కాన్ఫరెన్స్‌లో మాట్లాడారు. చీర కట్టుకోవడం రాదని మీరు నాతో అంటే 'మీకు సిగ్గుచేటు' అంటాను, అది మీ సంస్కృతి, దాని కోసం మీరు నిలబడాలి అన్నారు. హాల్లో ఉన్న మన విద్యార్థులు చప్పట్లు కొట్టారు. బయట మాత్రం ఆడవాళ్లు మండిపడ్డారు. కొద్ది రోజులకే ఆయన బహిరంగ లేఖ రాసి, 'సిగ్గు' అన్న మాట వాడినందుకు క్షమాపణ చెప్పారు.

నా మట్టుకు నాకు ఆ కోపం న్యాయమే అనిపిస్తుంది. చీర మీద ప్రేమ ఉంటే దగ్గర కూర్చోబెట్టుకుని కుచ్చిళ్లు పెట్టడం నేర్పాలి గానీ, రాదన్నవాళ్లను నలుగురిలో నిలబెట్టి మాట అనకూడదు. మీరేమంటారు?

రాఘవ_న్యూజెర్సీ

నీలవేణి గారూ, మీ పెదనాన్న గారు అన్నది తప్పే. సబ్యసాచి విషయంలో మాత్రం నేను ఒప్పుకోను. ఆయన్ని అడిగిన ప్రశ్న ఏమిటో ఎవరూ చెప్పడం లేదు. చీర కడితే ముసలిదానిలా ఉన్నావనీ, ఆంటీ అనీ ఎగతాళి చేస్తున్నారు కదా, దాని గురించి ఏమంటారని అడిగారు. చీర కట్టేవాళ్ల పక్షాన నిలబడాలనే ఆవేశంలో నోరు జారారు. ఆ తర్వాత తనే ఆ మాట వివరంగా రాశారు. నాయనమ్మలు, అమ్మమ్మలు చీరలోనే నిద్రపోయి లేచేవారు, చీర కట్టుకుని యుద్ధాలు చేసిన స్త్రీలున్నారు అని కూడా అదే సభలో అన్నారు. ఆ మాటలు ఎవరికీ గుర్తులేవు.

పైగా చీరను మళ్లీ పెళ్లిళ్లలోకి తెచ్చినవాళ్లలో ఆయన ముందుంటారు. 2017 డిసెంబరులో అనుష్క శర్మ ఢిల్లీ రిసెప్షన్‌లో ఆయన ఇచ్చిన ఎర్ర బనారస్ చీర కట్టింది. లెహంగా తప్ప ఇంకేమీ వద్దని పట్టుబట్టిన మా అక్క కూతురు ఆ ఫోటో చూసే బనారస్ చీర అడిగింది. ఇక్కడే పుట్టిన మా అమ్మాయి కూడా తెలుగు సంఘం ఉగాదికి చీర కట్టుకుంటానంటోంది. అలాంటి మనిషిని ఒక్క మాటకు అంతగా వేటాడాలా?

సుభద్ర_టీచర్

రాఘవ గారూ, అదే సభలో ఆయన అన్న ఇంకో మాట మీరు వదిలేశారు. ఆడవాళ్లు చీరను బతికించారు, ధోవతి మాత్రం చచ్చిపోయింది అన్నారు. మరి సిగ్గుపడాల్సింది ఎవరు? ధోవతిని వదిలేసింది మగవాళ్లు. పంచె కట్టడం రాని మగపిల్లలకు 'సిగ్గుచేటు' అని ఎవరూ చెప్పరు. పెళ్లిపీటల మీద పురోహితుడు పంచె కట్టిస్తుంటే అందరూ నవ్వుకుంటారు, అంతే. చీర కట్టించుకునే పిల్లకు మాత్రం సంస్కృతి గురించి క్లాసు పీకుతారు.

నాకు దీని మీద ఇంత కోపం ఎందుకో చెప్తాను. నేను పనిచేసిన ఒక ప్రైవేటు స్కూల్లో ఆడ టీచర్లు చీరే కట్టాలని రూలు. మగ టీచర్లకు ప్యాంటూ షర్టూ. నేను స్కూటీ మీద 14 కిలోమీటర్లు వెళ్లేదాన్ని. ఒకరోజు కొంగు వెనక చక్రంలో చిక్కుకుని రోడ్డు మీద పడ్డాను. మోచెయ్యి విరిగింది. మళ్లీ డ్యూటీలో చేరాక చుడీదార్ వేసుకోనివ్వమని అడిగితే, పిల్లలు గౌరవించరు అన్నారు. నాకు చీర చాలా ఇష్టం, ఇప్పటికీ పండగలకు కడతాను. కట్టనందుకు సిగ్గుపడమంటే మాత్రం విరిగిన చెయ్యే గుర్తొస్తుంది.

మగ్గం_ఇంటి_బిడ్డ

నీలవేణి అక్కా, మాది పోచంపల్లి దగ్గర ఊరు. మా బాపు నేస్తడు, అమ్మ ఆసు పోసేది. చీర గురించి ఇంతమంది మాట్లాడుతుంటే, నేసే ఇంట్లో ఏముంటుందో కూడా చెప్పాలనిపించింది.

ఆసు అంటే ఏమిటో చాలామందికి తెలియదు. దారానికి చిటికీలు (రంగు అంటకుండా వేసే కట్లు) కట్టి రంగులో ముంచేముందు, మేకుల చుట్టూ దాన్ని వరసగా చుట్టాలి. ఒక్క చీరకు సుమారు 9 వేల సార్లు చెయ్యి అటూ ఇటూ తిప్పాలి. ఆ పని చేసేది ఇంట్లో ఆడవాళ్లే. మా అమ్మ రాత్రిపూట కుడి భుజం కింద తలగడ పెట్టుకుని పడుకునేది. ఆలేరు వైపు చింతకింది మల్లేశం గారు వాళ్ల అమ్మ లక్ష్మి గారి బాధ చూడలేకనే ఆసు యంత్రం చేసిండు. దానికి 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రం మా ఇంటికి వచ్చేసరికే అమ్మ భుజం పాడైపోయింది.

ఇప్పుడు మా చెల్లె మగ్గం మీద కూర్చుంటుంది. చుడీదార్ వేసుకుని నేస్తుంది. గుంటలో కాళ్లతో తొక్కుతూ, నాడె (అడ్డ దారం తీసుకెళ్లే పనిముట్టు) విసురుతూ ఉంటే కొంగు అడ్డమొస్తుందని. పట్టుచీర నేసే పిల్లే చీర కట్టదు. ఆమెను ఎవరైనా సిగ్గుపడమంటారా? 2019-20 చేనేత గణన ప్రకారం దేశంలో సుమారు 35 లక్షల మంది ఈ పనిలో ఉన్నారు, అందులో 72 శాతం ఆడవాళ్లు. చీరను బతికిస్తున్నది వీళ్ల చేతులు.

సబ్యసాచి మీద నా కోపం 2018ది కాదు, 2021ది. ఆ జనవరిలో ఆయన బ్రాండ్‌లో 51 శాతం వాటాను ఆదిత్య బిర్లా ఫ్యాషన్ 398 కోట్లకు కొన్నది. ఆగస్టులో ఆయన హెచ్ అండ్ ఎమ్ అనే విదేశీ రెడీమేడ్ బట్టల కంపెనీతో కలిసి బట్టలు తెచ్చిండు. అందులో చీర 9,999 రూపాయలు. రాజస్థాన్‌లోని సాంగానేర్‌లో చెక్క అచ్చులతో చేత్తో అద్దే పువ్వుల డిజైన్లు గుర్తొచ్చేలా ప్రింట్లు వేసిన్రు, కానీ అవి ఫ్యాక్టరీ ప్రింట్లు. చేతివృత్తుల సంఘాలు ఆయనకు బహిరంగ లేఖ రాసినయి. మా పేరు, మా కళ చెప్పుకుంటూ మాకు పని ఇవ్వలేదు అన్నయి. ప్రపంచమంతా అమ్మే అవకాశం వచ్చినప్పుడు ఆ పని మాకిస్తే లక్షల ఇళ్లలో పొయ్యి వెలిగేది కదా అన్నది వాళ్ల బాధ. ఆ మాట ఒక వారం నడిచింది, పోయింది. 'సిగ్గు' అన్న మాట మాత్రం ఇప్పటికీ నడుస్తోంది.

రాఘవ_న్యూజెర్సీ

తమ్ముడూ, మీ అమ్మగారి భుజం గురించి చదివాక కాసేపు ఏమీ రాయలేకపోయాను. హెచ్ అండ్ ఎమ్ విషయంలో నువ్వన్నది నిజమే, ఒప్పుకుంటున్నాను. ఆయన మిగతా పని అంతా కొట్టిపారేయలేం. 'సేవ్ ద శారీ' అని చేనేత చీరల కోసం ఒక ప్రయత్నం చేశారు, ఆయన పెళ్లిబట్టల్లో చేతిపనికే పెద్ద పీట. కానీ ఆ పేరు అంతా చేతిపని వల్ల వచ్చినప్పుడు, పెద్ద అవకాశం దొరికిన రోజున అదే చేతులు పక్కన లేకపోవడం బాధగానే ఉంది.

కార్తీక_హైదరాబాద్

అసలు ఆయన మీద వచ్చిన కోపాలన్నీ ఒకటి కాదు, అన్నీ ఒక గాటన కట్టకండి.

2018లో మాటలు పడ్డవాళ్లు మాట అన్నారు. 2019 జులైలో సబ్యసాచి మళ్లీ ఇన్‌స్టాగ్రామ్‌లో రాశారు: ఎక్కువ మేకప్ వేసుకుని, ఒళ్లంతా నగలు వేసుకున్న స్త్రీ కనిపిస్తే, ఆమె లోపల గాయపడి ఉంటుందని. పెళ్లికూతుళ్లకు బరువైన నగలు అమ్మే మనిషి అలా రాస్తే ఆడవాళ్లకు కోపం రాదా? వచ్చింది, ఆయన మళ్లీ క్షమాపణ చెప్పారు. ఈ రెండుసార్లూ జరిగింది మాటకు మాట. నాకు అందులో తప్పేమీ కనిపించదు.

2021 అక్టోబరులో జరిగింది వేరు. సబ్యసాచి మంగళసూత్రం ప్రకటనలో మోడల్ లోదుస్తుల్లాంటి బట్టల్లో ఉందని గొడవ మొదలైంది. మధ్యప్రదేశ్ హోంమంత్రి నరోత్తమ్ మిశ్రా 24 గంటల్లో తీసేయకపోతే కేసు పెట్టిస్తానని, పోలీసులను పంపిస్తానని బెదిరించారు. సబ్యసాచి ఆ ప్రకటన తీసేసుకున్నారు. అదే వారంలో డాబర్ వాళ్లు కూడా కర్వాచౌత్ (ఉత్తరాదిలో భర్త క్షేమం కోసం భార్యలు ఉపవాసం ఉండే పండగ) ప్రకటన తీసేశారు, దాని మీదా అదే మంత్రి హెచ్చరిక. ఒక చదువుకున్న అమ్మాయి ట్విట్టర్‌లో నాకు నచ్చలేదని రాయడమూ, మంత్రి పోలీసుల పేరు ఎత్తడమూ ఒకటే అయితే, రేపు మనం ఇక్కడ రాసే మాటకు కూడా ఎవరో ఒకరు గడువు పెడతారు.

వాసు_నెల్లూరు

కార్తీక గారూ, మంత్రి బెదిరించడం నాకూ నచ్చలేదు. కానీ బాధపడ్డవాళ్లందరినీ రాజకీయంలో కలిపేయకండి. మా అమ్మ పొద్దున లేవగానే సూత్రాలు కళ్లకు అద్దుకుంటుంది. నాన్న ఆసుపత్రిలో ఉన్న 20 రోజులూ ఆ పసుపుతాడు పట్టుకునే కూర్చుంది. ఆ ప్రకటన చూసి ఆమె నొచ్చుకుంది. ఆమె ఎవరి మీదకీ పోలీసులను పంపలేదు. కంపెనీకి ఆమె నొప్పి కూడా తెలియాలి.

కార్తీక_హైదరాబాద్

తెలియాలి, వాసు గారూ. మీ అమ్మగారు ఆ బ్రాండ్‌కి ఉత్తరం రాస్తే నేనే ఇంగ్లిష్‌లోకి మార్చి పెడతాను. నా పేచీ పోలీసుల మాట దగ్గరే.

సుభద్ర_టీచర్

ఇంకొక్క విషయం. 'చీర కట్టడం రావడం' అంటే ఏ కట్టు? మా నాయనమ్మ గోచి పెట్టి కట్టేది. లంగా లేదు, పిన్నీసు లేదు, పొలంలో నాటు వేసేది. ఇప్పుడు మనం కట్టే తీరు, లోపల లంగా, పైన కుట్టిన జాకెట్టు, 19వ శతాబ్దంలో టాగోర్ కుటుంబపు కోడలు జ్ఞానదానందినీ దేవి లాంటివాళ్ల ద్వారా ప్రచారంలోకి వచ్చింది. దేశంలో వందకు పైగా కట్లు ఉన్నాయని చీరల పరిశోధకురాలు రీతా కపూర్ చిష్టీ ఊరూరా తిరిగి నమోదు చేశారు. ఈ లెక్కన నాకు గోచి కట్టు రాదు, మా నాయనమ్మకు కుచ్చిళ్ల కట్టు రాదు. ఆమెకు సంస్కృతి తెలియదని ఎవరన్నా అంటే నేను ఊరుకోను.

నీలవేణి

అందరూ రాసింది చదివాక నా మాట కొంచెం మార్చుకుంటున్నాను. ఆయన క్షమాపణ చెప్పాక కూడా చాలామందిలాగే నేను ఆ ఒక్క మాట దగ్గరే ఆగిపోయాను. తమ్ముడు చెప్పిన సాంగానేర్ లేఖ గురించి నాకు ఇప్పటిదాకా తెలియదు. కోపం రావడం తప్పు కాదు గానీ, నా కోపంలో నేసేవాళ్లకు చోటు లేకపోయింది.

నిన్న ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. ఆదివారం మా ఇంటికి వస్తానంది. మా పెదనాన్నతో కూడా మాట్లాడాను, ఆయన ఇంకా నావల్ల ఏం తప్పు జరిగిందనే అంటున్నారు.

తమ్ముడూ, ఒక సాయం చెయ్యి. ఆ పిల్లకు ఒక పోచంపల్లి చీర కొనిద్దామనుకుంటున్నాను. షాపుల్లో అన్నీ పోచంపల్లే అంటున్నారు. ప్రింటు వేసిందో, నిజంగా నేసిందో మాలాంటివాళ్లకు ఎలా తెలుస్తుంది?

మగ్గం_ఇంటి_బిడ్డ

అక్కా, చీరను తిరగేసి చూడండి. మాది దారానికే రంగు పట్టించి నేసేది, కాబట్టి డిజైను రెండు వైపులా ఒకేలా ఉంటుంది. ప్రింటు అయితే వెనక వైపు వెలిసినట్టు ఉంటుంది. ఇంకోటి, మా దాంట్లో గీతల అంచులు కొంచెం అలుక్కున్నట్టు ఉంటయి, ప్రింట్లో కత్తితో కోసినట్టు ఉంటయి. అలుక్కున్నది చూసి డిఫెక్ట్ అనుకుని వాపస్ ఇవ్వకండి. ఆదివారం కంటే ముందే కావాలంటే చెప్పండి, చెల్లె మగ్గం మీద ఒకటి రేపటికి దిగుతుంది. ఆకుపచ్చది, ఎర్ర అంచు.